తాగినోని మాట

అది మూసీ నీళ్లు పట్నం బస్టాండులోకి వచ్చిన ఏడాది. కనకమామిడిలో జంగయ్యను మట్టి చేసి ఆ రోజుకు మూడు రోజులు. బొంద దగ్గర పిట్టకు పెట్టి గంట దాటింది. పిట్ట ముట్టలేదు.

విస్తరిలో అన్నం, కోడికూర, వేయించిన కార్జం ఉన్నాయి. పక్కన చిన్న గ్లాసులో మందు. అన్నీ జంగయ్యకు ఇష్టమైనవే. పిట్ట ముడితేనే చుట్టాలు ఇంటికి పోయి తినాలి. అందరూ ఆకలితో విస్తరి చుట్టే నిలబడ్డారు. కాకులు పక్కనున్న ఫాంహౌస్ గోడ మీద కూర్చుని చూస్తున్నాయి.

"బావకు ఏదో కోరిక మిగిలింది," అన్నాడు శంకరయ్య. అతను జంగయ్య భార్య గోపమ్మకు తమ్ముడు. ఎంకపల్లి నుంచి వచ్చాడు. మూడో నాడు మేనమామ మందు పోయాలి, చచ్చినవాడి కొడుకు తాగాలి. అది ఆనవాయితీ. సీసా అతని చేతిలోనే ఉంది.

"ఏం కోరికనో తెలుస్తనే ఉన్నది గద," అన్నాడు జంగయ్య పాలివాడు కొమురయ్య. "కొడుకు మందు ముట్టకుంటె పిట్ట మెతుకు ఎట్ల ముడతది?"

అందరూ కొడుకు భిక్షం వైపు చూశారు. చేవెళ్ల దవాఖానలో డాక్టరమ్మ మాన్పిస్తే భిక్షం తాగుడు మానేసి ఎనిమిది నెలలు.

"నేను తాగ మామా. నీకు తెలుసు."

"తాగుమంటలేను బిడ్డా. జర నాలుకకు అంటియ్యి."

"నాలుకకు అంటితె కడుపుల పడ్డట్టే. డాక్టరమ్మ చెప్పింది."

"అయితే చేవెళ్లకు ఫోన్ కొట్టు. డాక్టరమ్మనే వచ్చి పిట్టను పిలుస్తది."

నవ్వారు. భిక్షం చెవులు వేడెక్కాయి. డాక్టరమ్మ చాలా మాటలు చెప్పింది గాని అతను ఒక్కటే గుర్తు పెట్టుకున్నాడు. కోపం మింగకు, నోటితో చెప్పెయ్యి. మింగిన కోపమే నిన్ను మళ్లీ సీసా దగ్గరికి తీసుకుపోతుంది.

"నాకు కోపమొస్తున్నది మామా," అన్నాడు మెల్లగా.

"ఏందిరా?"

"కోపమొస్తున్నదని చెప్తున్న."

"బస్సు వస్తున్నదని చెప్పినట్టు చెప్తున్నవేంది?" అన్నాడు కొమురయ్య. మళ్లీ నవ్వారు.

శంకరయ్య నవ్వలేదు. "మూడు రోజులాయె, కన్నతండ్రి పోతె వీని కంట్ల సుక్క నీళ్లు లేవు. రెండు గుటకలు పడితె ఏడుపు దానంతట అదే వస్తది. మా అయ్య పోయిననాడు మేం తాగినం, ఏడ్చినం. మొగోడు ఉత్తగ ఎట్ల ఏడుస్తడు?"

గోపమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "మీ బాపు ఆకలితోని ఉన్నడు కొడుకా. ఒక్కసారికి ఏమైతది?"

"ఎప్పుడు మొదలైనా ఒక్కసారితోనే మొదలైతది అత్తా," అంది భిక్షం భార్య వసంతమ్మ.

"మొగోళ్ల నడుమ నువ్వు మాట్లాడకు," అని శంకరయ్య గ్లాసు నిండా పోసి భిక్షం చేతిలో పెట్టాడు.

వాసన తగలగానే భిక్షం నోట్లో నీళ్లూరాయి. అందుకు ఇంకా కోపం వచ్చింది. గ్లాసు పట్టుకుని బొంద వైపు తిరిగాడు. అందరికీ వీపు పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని తల వంచాడు. లేచి ఇటు తిరిగేసరికి గ్లాసు ఖాళీగా ఉంది.

వసంతమ్మ మొహం తిప్పుకుంది. "ఎనిమిది నెలలు," అంది.

"ఇప్పుడు ఇను మామా," అన్నాడు భిక్షం. గొంతు పెద్దదయింది. చుట్టాలు వెనక్కి జరిగారు.

"బాపు కండ్లు పసుపుపచ్చగై దవాఖానల పడి ఉన్నడు. సుక్క గూడ వద్దన్నరు. నువ్వు చూడ వచ్చి దిండు కింద క్వార్టరు సీసా పెట్టి పోయినవ్. నేను చూసిన. చూసి గూడ నిన్ను అడగలే. అడగనందుకు మూడు రోజుల సంది నాకు నిద్ర లేదు."

"అరే, పిలగాడు..."

"ఇను. మీసం మొలవకముందే నాకు కల్లు పోసినవ్. నేను తూలి పడితె అందరికంటె ఎక్కువ నువ్వే నవ్వినవ్. నేను మానేసి ఇంటికొచ్చిననాడు మంచి పని చేసినవ్ అని మీల ఒక్కరన్న అన్నరా? బాపు ఒక్కడే అన్నడు. ఆయనను తినేసి, ఆయన బొంద కాడ మళ్ల నాకే పోస్తవా?"

భిక్షం నేల మీద కూలబడి, బొంద మట్టి రెండు చేతులతో పట్టుకుని ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాడు.

విస్తరి దగ్గర ఇప్పుడు ఎవరూ లేరు. ఒక కాకి గోడ దిగి వచ్చి కార్జం ముక్క ఎత్తుకుపోయింది.

"ముట్టింది," అన్నాడు కొమురయ్య. "చూసిన్రా, కొడుకు తాగంగనే తండ్రి వచ్చిండు."

"ఏడుపు గూడ వచ్చింది. గట్టిగనే ఎక్కింది," అన్నారు ఇంకొకరు.

శంకరయ్య వంగి భిక్షం భుజం తట్టాడు. అందరికీ వినపడేటట్టు అన్నాడు. "నాకేం కోపం లేదు బిడ్డా. తాగినోని మాట ఎవరు పట్టుకుంటరు? తెల్లారితె నీకే యాదికుండదు."

భిక్షం తల ఎత్తి చూశాడు. చుట్టాలు తువ్వాళ్లు దులుపుకుని అన్నాలకు నడిచారు. సాయంత్రం శంకరయ్య ఎంకపల్లి వెళ్లిపోయాడు.

తెల్లవారగానే భిక్షం ఎంకపల్లికి నడిచి పోయాడు. శంకరయ్య వాకిట్లో వేపపుల్ల నములుతున్నాడు. "నిన్న నువ్వు పోసింది బాపు బొంద మీద పోసిన మామా," అని చెప్పి, ఎదురుగా కూర్చుని, నిన్నటి మాటలన్నీ మొదటి నుంచి మళ్లీ అన్నాడు.