మెడ దగ్గరి మరక

పెళ్లికి ముందురోజు కిసెమై కూతురు మాయమైంది. ఏటి ఒడ్డున దొరికిన, ఆమె ఒంటికి చుట్టుకునే ఎర్ర దుప్పటి మీద మరక కిసెమై అన్న సంకావ్‌దని డీఎన్ఏ పరీక్షలో తేలింది. పెదనాన్నే పిల్లను చెరిచి చంపాడని ఊరంతా నమ్మింది. అన్నను వెనకేసుకొచ్చింది కిసెమై ఒక్కడే. సంకావ్ మాత్రం నోరు విప్పలేదు.

నరోక్ ఠాణాలో అధికారి కిసెమైని పిలిచి చెప్పాడు. "ఆ మరక ఏమిటో కూడా ల్యాబ్‌లో ఇంకో పరీక్ష చేస్తే తెలిసింది. వీర్యం కాదు, రక్తం కాదు. ఉమ్మి."

"నే చెప్పలేదా సారూ! మా అన్న అలాంటోడు కాదు!" కిసెమై పగలబడి నవ్వాడు.

"మరి మెడ దగ్గర ఎందుకు పడింది?"

కిసెమై నవ్వు ఆగిపోయింది. తమ తెగలో దూరం పోయేవాళ్లనే పెద్దలు అక్కడ ఉమ్మి దీవిస్తారు.

అతను సంకావ్‌ను పెట్టిన గది ఊచల దగ్గరికి వెళ్లాడు. "దాన్ని ఎక్కడికి పంపావన్నా?"

"బడికి. నువ్వు మాటిచ్చిన ముసలాడికి దొరకనంత దూరం."

"ఓలిగా వాడిచ్చిన ఆవులు నా దొడ్లో ఉన్నాయి. నలుగురిలో నా మొహం ఎట్లా చూపించను? అందరూ నిన్ను తిడుతుంటే నీ పక్కన నిలబడ్డానే! నన్నింత మోసం చేస్తావా?"

సంకావ్ తమ్ముడి మొహంలోకి చూశాడు.

"పిల్ల ఎట్లా ఉందో అడుగుతావేమోనని చూస్తున్నాన్రా," అన్నాడు.