కాకిరాజు కొత్త రాష్ట్రాలు

వేపచెట్టు మీది కాకిరాజు ఒక పొద్దున ఈతచెట్టు దగ్గరికొచ్చి, అక్కడ గూళ్ళు అల్లుకుంటున్న గిజిగాళ్ళకు కబురు చెప్పాడు.

"ఇవాళ్టి నుంచి మీ దేశం మా దేశంలో కలిసిపోయింది. పై మట్టలొక రాష్ట్రం, కింది మట్టలొక రాష్ట్రం. పేర్లు కూడా పెట్టేశాం."

"మమ్మల్ని ఎవరడిగారు?" అంది పసిడమ్మ అనే ఆడ గిజిగాడు.

"అడిగేదేముంది? మా సొంత పిల్లల్లా చూసుకుంటాం కదా."

"మా మగాళ్ళు సగం అల్లిన గూడైనా సరే, మేం లోపలికెళ్ళి చూశాకే కాపురం. నచ్చకపోతే పీకేస్తాం. మీ గూడు కూడా చూపించండి, రాజుగారూ."

రాజు దర్జాగా తీసుకెళ్ళాడు. గూట్లో రాణి కొసరి కొసరి మేత పెడుతుంటే, యువరాజు నోరు తెరిచి అచ్చం కోయిల గొంతుతో "కూ" అన్నాడు.

పసిడమ్మ రాజు వంక చూసింది.

"పిల్లాడికి జలుబు," అన్నాడు రాజు.

"సొంత గూట్లో ఉన్నది ఎవరి పిల్లాడో తెలీదు గానీ, మమ్మల్ని సొంత పిల్లల్లా చూస్తారట," అంది పసిడమ్మ.

వెళ్తూ వెళ్తూ ఆ గూట్లోంచి ఒక పుల్ల పీకి, రాజుగారి కాళ్ళ దగ్గర పడేసి ఎగిరిపోయింది.