అర అంగుళం

గుండుసూది మళ్లీ జరిగింది.

పొద్దున టైలరు కూతురు కోటు భుజం కుట్టు మీద పెట్టిన సూది మధ్యాహ్నానికి అర అంగుళం కిందికి దిగింది. నిన్నా ఇదే వరస.

"మీరే జరిపారా ఆంటీ?"

"నేనేనమ్మా. ఆపాటి దించితే కోటు వీపు మీద ఒదిగి కూర్చుంటుంది."

ఆమెని కాలేజీలో అందరూ కొలతలమ్మ అనేవారు. ఫ్యాషన్ డిజైన్ చివరి ఏడాది పిల్లలు కుట్టినవి ఒంటిమీద వేసుకుని, గంటల తరబడి కదలకుండా నిలబడటమే ఆమె పని. ఆ ఏడాదే వచ్చింది. అరవై దాటిన మనిషి, కుడి భుజం ఎడమదానికంటే దిగి ఉంటుంది. ఎవరి కోటుకి ఎవరు నిలబడాలో చీటీలు తీసినప్పుడు మిగతావాళ్లకి నిటారుగా ఉండే పడుచుపిల్లలు వచ్చారు. టైలరు కూతురికి ఈమె వచ్చింది. ఆ రోజు నుంచీ ఆ పిల్ల మొహం గంటు పెట్టుకునే ఉంది.

ఊరికే పెట్టుకోలేదు. ఈసారి కుట్టుపనికి ఆంట్రప్రెన్యూర్‌షిప్ పాఠం కూడా కలిపారు. మంచి కోటు కుట్టి, అలాంటివి ఎవరికి ఎలా అమ్మాలో రాసి చూపించిన ఒక్కరికి, వీధివైపున్న కాలేజీ గది ఏడాదిపాటు కొట్టు పెట్టుకోవడానికి ఇస్తారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ పిల్ల నాన్న కొట్టు పోయింది. ఆయన మిషను ఆరు నెలలుగా వంటింట్లో దుప్పటి కప్పుకుని ఉంది. ఆ గది వస్తే నాన్న మళ్లీ నలుగురి మధ్య కూర్చుని కుడతాడు. ఆ పిల్లకి అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

తన కొట్టు గురించి ఒకే వాక్యం రాసింది: ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్లకి. వ్యాపారం పాఠం చెప్పే సారు మెచ్చుకుని దాని కింద రెండు గీతలు గీశారు.

కటింగు గది గోడకి ఇరవై నాలుగు అట్టలు వేలాడుతుంటాయి. చొక్కా, కోటు, లంగా, అన్నిటికీ నమూనాలు. ఎప్పుడో పనిచేసి మానేసిన మాస్టరు కోసినవట. చేరిన ప్రతి పిల్లా ముందు వాటి చుట్టూ సుద్దతో గీసే పని నేర్చుకుంటుంది. ప్రతి అట్టకీ భుజం మూల చిన్న అర్ధచంద్రం కోసి ఉంటుంది. అది మాస్టరు గుర్తు. ఆ మనిషిని చూసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. అయినా టైలరు కూతురికి ఆ అట్ట చెప్పిందే వేదవాక్కు.

"ఇది మాస్టరు గారి లెక్కండీ. ఆయనకంటే మీకెక్కువ తెలుసా?"

కొలతలమ్మ గోడవైపు చూసింది. "ఆ అట్టలు నిటారుగా ఉన్నవాళ్ల కోసం కోసినవమ్మా. నేను అలా లేనుగా."

"మీ పని నిలబడటం. నిలబడండి, చాలు."

ఆమె నిలబడింది. సాయంత్రం, అసలు గుడ్డ కోయకముందు ముతక గుడ్డతో కుట్టి చూసుకునే ఆ నమూనా కోటుని విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి వెళ్లింది. అమ్మాయి దాన్ని విప్పి కూడా చూడకుండా బల్ల కిందికి తోసేసి, అట్ట ప్రకారమే అసలు గుడ్డ కోసింది.

పోటీ రోజు కొలతలమ్మ కోటు వేసుకుని నిలబడితే, చిత్రంగా రెండు భుజాలూ సమంగా ఉన్నాయి. కోటు కడిగిన ముత్యంలా ఉంది. అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది.

దగ్గరికి వెళ్లాక తెలిసింది. ఆమె నుదుటి నిండా చెమట. పళ్లు బిగబట్టి, కుడి భుజాన్ని పైకి ఎత్తిపట్టి ఉంది. పావుగంట అలాగే నిలబడింది.

కోట్లు చూసి తీర్పు చెప్పడానికి వచ్చిన పెద్దావిడ ఆమెని వెనక్కి తిరగమంది. తిరిగేసరికి భుజం దిగిపోయింది. మెడ దగ్గర్నుంచి చంకదాకా వీపు మీద పెద్ద ముడత లేచింది.

"ఇది ఎవరి ఒంటికి కుట్టావమ్మా?"

అమ్మాయి చేత్తో ఆ ముడత సర్దబోయింది. గది ఇంకెవరికో పోయింది.

"పట్టలేకపోయానమ్మా," అంటూ కొలతలమ్మ కోటు విప్పి ఇచ్చింది. అమ్మాయి మొహం తిప్పేసుకుంది.

ఇంటికొచ్చి అక్కసంతా నాన్న ముందు వెళ్లగక్కింది. ఆయన ఓపిగ్గా విని, "ఏ భుజం?" అని అడిగాడు.

"కుడిది."

ఆయన లేచి కూతురి ముందు నిలబడ్డాడు. "నాది చూడు. ఏళ్ల తరబడి బరువైన కత్తెర పట్టి గుడ్డ కోస్తే ఇలాగే దిగుతుంది. నా చొక్కాలకి నువ్వే అర అంగుళం దించి కుడతావు కదా తల్లీ. ఆమెకెందుకు కుట్టలేదు?"

అమ్మాయికి తల కొట్టేసినట్టయింది. పదేళ్ల వయసు నుంచీ కుడుతోంది ఆ చొక్కాలు.

సోమవారం పొద్దున్నే, క్షమించమని అడుగుదామని కాలేజీకి పరుగెత్తింది. కొలతలమ్మ ఎక్కడని అడిగితే ఆఫీసు గుమస్తా తలెత్తి చూశాడు.

"నీకు తెలీదా అమ్మా? నిన్న పోయింది. నిద్రలోనేనట. ఒంటరి మనిషి పాపం. ఇదివరకు కూడా ఇక్కడే పనిచేసిందట, ఏం పనో మాత్రం కాగితాల్లో లేదు."

కాళ్లు అమ్మాయిని కటింగు గదికి తీసుకెళ్లాయి. బల్ల కిందినుంచి నమూనా గుడ్డ లాగి, మొదటిసారి మడత విప్పింది. కుడి భుజం మీద అర అంగుళం దిగువన, చెయ్యి ఎత్తకుండా గీసిన సుద్దగీత. దాని చివర చిన్న అర్ధచంద్రం.

ఆ గుడ్డని తీసుకెళ్లి గోడ మీది మొదటి అట్టకి ఆనించింది. గీసిన చంద్రం, కోసిన చంద్రం ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చున్నాయి.

మాస్టరు గారు ఇన్నాళ్లూ తన ముందే, తను నిలబడమన్న చోటే నిలబడ్డారు.