కార్డు ముక్క

“ఉద్యోగం పోయిందటగా అమ్మాయ్?” గుమ్మంలో కరెంటు బిల్లు అందిస్తూ అడిగాడు పోస్ట్‌మాన్.

వెనక వరండాలో గడ్డం గీసుకుంటున్న తండ్రి చెయ్యి చెంప మీదే ఆగిపోయింది.

ఆ సంగతి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సముద్రాల అవతల రొట్టెల దుకాణం నడుపుకునే ఒక తెలుగావిడకి మాత్రం జరిగిందంతా రాసింది. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నది లేదు. దేశదేశాల వాళ్లతో పోస్టుకార్డులు ఇచ్చిపుచ్చుకునే సరదా ఇద్దరికీ ఉంది, అంతే. ఆ కార్డు వీధి చివర డబ్బాలో వేసి నాలుగు రోజులైంది.

“నా కార్డు చదివావా బాబాయ్?”

“డబ్బా తీసేది నేనే కదమ్మా. అదేమన్నా కవరా? కళ్లు మూసుకుని సంచిలో వేసుకోనా?”

తండ్రి సబ్బు నురగతోనే లేచి వచ్చాడు. “ఎందుకు పోయింది?”

“మిల్లులో బాయిలర్ పరీక్ష చేయకుండానే చేసినట్టు సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు.”

“ఒక్క సంతకం. పెట్టేస్తే నీ సొమ్మేం పోయింది?”

“దాని పక్కన పదిహేను మంది ఆడవాళ్లు పనిచేస్తారు నాన్నా. పైవాళ్లకి ఫిర్యాదు రాస్తే ఉలుకూ పలుకూ లేదు. ఆ పదిహేను మందికైనా చెబుదామని వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు.”

“కన్నతండ్రికి చెప్పవు. ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పుకుంటావా?”

“నీకు చెబితే సంతకం పెట్టేయమంటావు. ఇప్పుడు అన్నావుగా.”

ఆయన విసురుగా లోపలికెళ్లి ఆమె కార్డులు దాచుకునే రేకు పెట్టె పట్టుకొచ్చాడు. “ఈ పిచ్చి ఇవాళ్టితో ఆఖరు.”

ఆమె పెట్టె లాక్కుంది. “సంతకం పెట్టమంటే ఉద్యోగమే వదులుకున్నాను. నువ్వు కళ్లెర్రజేస్తే ఇవి వదిలేస్తానా?”

పోస్ట్‌మాన్ ఇబ్బందిగా కదిలాడు. “ఇకనుంచి కవర్లో పెట్టి పంపుకోమ్మా. ఎవరి కంటా పడదు.”

“పెట్టను. దాచుకోవాల్సిన పని నేనేం చేశాను?”

అక్కడే మెట్టు మీద కూర్చుని కొత్త కార్డు తీసి పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: ‘మా పోస్ట్‌మాన్ ఇది కూడా చదువుతాడు. చదవనీ. నేను సంతకం పెట్టలేదు. పెట్టను.’

డబ్బాలో వేయకుండా అతని చేతికే ఇచ్చింది. “కళ్లజోడు పెట్టుకుని మరీ చదువు.”

అతను నిజంగానే కళ్లజోడు తీసి పెట్టుకుని చదివాడు. సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి సోమవారం బాయిలర్ దగ్గర పనిచేసే పదిహేను మందీ గేటు బయటే కూర్చుండిపోయారు. పరీక్ష జరిగితేగానీ లోపల అడుగు పెట్టేది లేదన్నారు. ఇన్‌స్పెక్టర్ రాక తప్పలేదు. సేఫ్టీ వాల్వు తుప్పుపట్టి బిగుసుకుపోయిందని, ఇంకొన్నాళ్లు నడిపితే షెడ్డే లేచిపోయేదని తేల్చాడు.

మిల్లు నుంచి ఆమెకి కబురొచ్చింది, పనిలో చేరమని.

“తప్పు మాదేనని మేనేజరు గారు కాగితం మీద రాసి సంతకం పెడితే వస్తాను,” అంది.

మూడో రోజున ఆ కాగితం వచ్చింది. తండ్రి దాన్ని రెండుసార్లు చదువుకుని, ఆమె పెట్టెలో కార్డుల మీద పెట్టాడు.

ఆ పదిహేను మందికీ బాయిలర్ సంగతి ఎవరు చెప్పారో మాత్రం ఆమెకి అంతుపట్టలేదు. అడిగితే ఆడవాళ్లంతా మొహమొహాలు చూసుకుని నవ్వేవాళ్లు.

నెల తర్వాత రొట్టెల దుకాణం ఆవిడ కార్డు వచ్చింది.

‘నీ రెండో కార్డు చూస్తే మీ పోస్ట్‌మాన్ మీద మండిపడుతున్నట్టున్నావు. వద్దు. నీ మొదటి కార్డు అంచున ఆయన పెన్సిలుతో రాసింది నీకు తెలిసినట్టు లేదు. ఉన్నదున్నట్టు ఇక్కడ దింపుతున్నాను:

“అమ్మా, ఈ కార్డు ఆలస్యమైనందుకు మన్నించాలి. మా ఆవిడ పని ఆ బాయిలర్ దగ్గరే. మూడు రోజులు నా దగ్గరే ఉంచుకుని, ఇంటింటికీ తిరిగి పదిహేను మందికీ చదివి వినిపించాను.”’