విడుదలైనవాళ్ల పాఠం

గల్ఫ్ దేశంలో, అరాద్‌లోని తన ఇంట్లో టీచర్ సీతారత్నం మర్నాటి చరిత్ర పాఠాన్ని పైకి చదువుకుంటోంది. అమెరికాలో అంతర్యుద్ధం ముగిశాక విడుదలైన బానిసలకు ఏ హక్కులు దక్కాయన్నది పాఠం.

పనిమనిషి అంజవ్వ ఇస్త్రీ చేస్తూ అడిగింది. "ఇడిసిపెట్టినంక వాళ్లు ఏడికన్న పోవచ్చా మేడం?"

"చట్టప్రకారం పోవచ్చు. కానీ కొన్నిచోట్ల చేతిలో కాగితం లేకపోతే పట్టుకుని మళ్లీ పనిలో పెట్టేవారు."

"ఆ కాగితం ఎవరి దగ్గర ఉంటుండె?"

"యజమాని ఇస్తేనే..." సీతారత్నం ఆగిపోయింది.

అంజవ్వ ఇస్త్రీ ఆపలేదు.

సీతారత్నం లేచి బీరువా తెరిచింది. నగల పెట్టె కింద నాలుగేళ్లుగా ఉన్న అంజవ్వ పాస్‌పోర్టు తీసి ఇచ్చింది.

"భద్రంగా ఉంటుందని దాచానంతే."

అంజవ్వ దాన్ని రొంటిన దోపుకుంది.

"మంచిగ దాచిన్రు మేడం. తర్వాతేమైందో చదువుండ్రి."