ముక్కలు నాన్నకి

నర్సమ్మ మా రత్నం కింది రెప్ప లాగి చూసింది. లోపల సుద్దలా తెల్లగా ఉంది. బడిలో పడిపోయిందని కబురు వస్తే, నా కూతుర్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చాను.

"బతుకుతాదా అమ్మా?"

"ఒంట్లో రక్తం లేదు. దీనికేటి పెడతన్నావు?"

"మాది చేపలోళ్ల ఇల్లమ్మా. చేపల కూర లేని రోజుండదు."

ఆమె రత్నం వైపు తిరిగింది. "ఏటే పిల్లా, చేపలు తింతన్నావా?"

రత్నం నన్ను చూసి నెమ్మదిగా చెప్పింది. "పులుసు తింతాను."

"మరి ముక్కలో?"

"నాన్న వేటకెల్తాడు కదా. పెద్దయ్యాక తమ్ముడూ ఎల్తాడు. ముక్కలు ఆల్లకే."

నాకు రోషం వచ్చింది. "ఆడపిల్లకి పులుసు సాలదా? నేనూ అలాగే పెరిగాను. మా యమ్మా అంతే. మాకేటైనాది?"

"మీ యమ్మ ఉన్నాదా?"

మా తమ్ముణ్ణి కన్న పూటే అమ్మ పోయింది. రక్తం లేక పోయిందని కాన్పు చేసిన ఆయా అంటే, తలరాత అనుకున్నాం.

నర్సమ్మ దగ్గరకొచ్చి నా రెప్ప కూడా లాగింది. చాలాసేపు చూసింది.

"పక్క మంచం ఖాళీగున్నాది. నువ్వూ పడుకో" అంది.