కంచె దగ్గర చోటు

"ఇసకేస్తే రాలని జనం!" అన్నాడు వెండెల్, చంకలోని మడత కుర్చీ దించకుండానే. విస్కాన్సిన్ రేసు ట్రాక్ పక్కన కొండవాలంతా తెల్లారకముందే వేసిపెట్టిన కుర్చీలే. వాటిలో మనిషి లేకపోయినా ఎవరూ కదపరు. అది అక్కడి కట్టుబాటు.

బొగ్గుల మీద సాసేజ్‌లు కాలుస్తున్న లవాన్ తన కుర్చీ పక్కకి జరిపి కాస్త చోటిచ్చింది. "ఏ ఊరు తమ్ముడూ?"

"ఒహాయో నుంచి వచ్చా. మా ఊళ్లోనూ ఇవే కార్లు, ఇదే రేసు. జనమేరీ? గేటు దగ్గర ఈగలు తోలుకుంటారు. పదేళ్లుగా కనబడ్డవాళ్లనల్లా రమ్మని బతిమాలుతున్నా. మీ కొండని చూస్తుంటే కడుపు మండిపోతోందక్కా!"

అంతలో కార్లు హోరుమంటూ వచ్చాయి. కొండవాలంతా లేచి నిలబడింది. వెండెల్ మునివేళ్ల మీద లేచినా టోపీలు, వీపులు తప్ప ఏమీ కనబడలేదు.

లవాన్ కుర్చీలోంచి కదల్లేదు.

"చూడవా అక్కా?"

"లేచినా కనబడేది వీపులేగా. నాలుగేళ్లుగా వినడమే. మీ ఊళ్లో ట్రాక్ కంచె దాకా వెళ్లనిస్తారా?"

"కంచె పట్టుకునే నిలబడతా. డ్రైవర్ స్టీరింగ్ తిప్పడం కూడా కనబడుతుంది."

లవాన్ చేతిలో పట్టకారు ఆగిపోయింది. ఆమె చూపు వెండెల్‌కి కొత్తేం కాదు. పొద్దుటినుంచీ తను ఈ కొండని చూస్తున్నది ఆ కళ్లతోనే.

"మీ రేసు ఎప్పుడు? మావాళ్లందరికీ చెబుతా."

వెండెల్ చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"జూలైలో. నువ్వు రా అక్కా. వీళ్లెవరికీ చెప్పకు."